పిచ్చుక నేర్పిన చదువు

2014 అక్టోబర్ 12. విశాఖ తీరాన్ని హుద్‌హుద్ తుపాను తాకిన రోజు. పరవాడ చుట్టుపక్కల గ్రామాల్లో అప్పటికి ఊహ తెలిసిన పిల్లలకు కూడా ఆ పేరు ఇప్పటికీ గుర్తే. లేచిపోయిన రేకులు, నేలకొరిగిన చెట్లు, కరెంటు లేని రాత్రులు ఎవరూ మరచిపోలేదు. ఆ తుపానుకు పేరు పెట్టింది ఒమన్ దేశం. హుద్‌హుద్ అంటే ఒక పిట్ట. సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం)కు సబా రాణి కబురు తెచ్చిన పిట్టగా, ఖుర్ఆన్‌లోని నమ్ల్ సూరా ద్వారా మన ఇళ్లలో పెద్దలకూ పిల్లలకూ దాని కథ తెలుసు.

పేరు తెలుసు, కథ తెలుసు. మరి ఆ పిట్ట ఎదురుగా వచ్చి వాలితే గుర్తుపట్టగలమా? ఇటుక రంగు ఒళ్లు, రెక్కల మీద నలుపు తెలుపు పట్టీలు, తల మీద విసనకర్రలా విచ్చుకునే కుచ్చు, పొడవైన వంపు ముక్కు. చలికాలం ఉదయాల్లో చేలగట్ల మీద, తోటల్లో నేలను ముక్కుతో పొడుస్తూ పురుగులు ఏరుకుంటుంది. తెలుగులో దీన్ని కూకుడుగువ్వ అంటారు. చాలామంది దీన్నే వడ్రంగిపిట్ట అనుకుంటారు. కానీ వడ్రంగిపిట్ట చెట్టు మానును తొలుస్తుంది. ఇది నేల మీద నడిచి తిరుగుతుంది. రెండూ వేర్వేరు.

మన పిల్లవాడు దాన్ని చూపించి పేరేమిటని అడిగితే మనం ఏం చెబుతాం? ఏదో పిట్టలే, పోయి చదువుకో అని కసురుకునేవారే ఎక్కువ. సుమారు నూట పాతికేళ్ల క్రితం పుట్టిన ఒక అనాథ బాలుడు బొంబాయిలో తన మేనమామను ఇలాంటి ప్రశ్నే అడిగాడు. మేనమామకు జవాబు తెలియదు. కానీ ఆయన కసురుకోలేదు. తెలియదని ఒప్పుకుని, తెలిసినవారి దగ్గరకు పంపాడు. ఆ ఒక్క పని వల్ల మన దేశానికి ఒక మహా పక్షిశాస్త్రవేత్త దొరికాడు. ఆయనే డాక్టర్ సలీం అలీ.

మేనమామ ఇంట్లో

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో ఒక సులైమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. అక్కలు, అన్నలు చాలామంది ఉన్న ఇంట్లో అందరికంటే చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రి మొయిజుద్దీన్ పోయారు. మూడో ఏట తల్లి జీనతున్నిసా కన్నుమూశారు. అప్పుడు పిల్లల్ని చేరదీసినవారు మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం. ఆ దంపతులకు పిల్లలు లేరు. ఖేత్‌వాడీలోని వారి ఇల్లే ఈ అనాథలకు సొంత ఇల్లయింది. స్వాతంత్ర్యోద్యమంలో గాంధీజీ వెంట నడిచిన అబ్బాస్ త్యాబ్జీ కూడా ఈ కుటుంబానికి చెందినవారే.

మేనమామకు వేట సరదా. ఆ రోజుల్లో కలిగిన కుటుంబాల్లో అది మామూలు విషయం. చిన్న సలీంకు బొమ్మ తుపాకీ లాంటి ఒక ఎయిర్‌గన్ దొరికింది. దానితో పిచ్చుకలను కొట్టడం అతని ఆట. పెద్దయ్యాక గొప్ప వేటగాడు కావాలన్నదే అతని కల. పక్షులను కాపాడాలన్న ఆలోచన ఆనాడు అతనికి లేదు. ఈ సంగతి ఆయన తర్వాత ఎన్నడూ దాచలేదు.

పది, పన్నెండేళ్ల మధ్య వయసులో ఒకనాడు ఒక పిచ్చుక అతని గురికి పడిపోయింది. చేతిలోకి తీసుకుని చూస్తే దాని గొంతు కింద పసుపు రంగు మచ్చ ఉంది. ఇంట్లో తిరిగే పిచ్చుకలకు అలాంటి మచ్చ ఉండదు. ఇది ఏ రకం పిట్ట? అసలు మనం తినదగినదేనా? హలాల్ హరాం తేడా తెలిసిన ఇంట పెరిగిన పిల్లవాడికి కలగవలసిన అనుమానమే అది. పిట్టను పట్టుకుని మామ దగ్గరకు వెళ్లాడు.

మామ తిప్పి తిప్పి చూశాడు. తనకూ అంతుబట్టలేదు. అయినా పిల్లవాడి మాటను తీసిపారేయలేదు. 1883లో స్థాపించిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో ఆయన సభ్యుడు. ఆ సంస్థ కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ పేర ఒక ఉత్తరం రాసి, పిచ్చుకతో సహా మేనల్లుణ్ణి అక్కడికి పంపాడు.

ఆ కాలంలో ఒక తెల్లదొర ఎదుటికి వెళ్లాలంటే పెద్దవాళ్లకే బెరుకు. సలీం భయపడుతూనే వెళ్లాడు. మిల్లార్డ్ ఆదరంగా పలకరించి, అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు. సొరుగులు ఒక్కొక్కటే లాగి, దేశంలోని రకరకాల పక్షుల నమూనాలను చూపించాడు. పుస్తకాలు ఇచ్చాడు. పక్షి చర్మాన్ని చెడిపోకుండా భద్రపరచడం, దాని వివరాలు చీటీ మీద రాసి కట్టడం నేర్పించే ఏర్పాటు చేశాడు. తినవచ్చునా అన్న చిన్న అనుమానంతో వెళ్లిన పిల్లవాడు జీవితానికి సరిపడే ప్రశ్నలతో ఇంటికి తిరిగి వచ్చాడు.

నోటు పుస్తకంలో ఎనిమిది పిచ్చుకలు

సలీంకు చిన్నప్పటి నుంచే చూసింది చూసినట్లు రాసుకునే అలవాటు ఉంది. ఒక గోడ రంధ్రంలో పిచ్చుకల జంట గూడు పెట్టింది. ఆడపిట్ట లోపల గుడ్ల మీద కూర్చుంటే, మగపిట్ట బయట మేకు మీద కాపలా. సలీం చాటున పొంచి మగపిట్టను కొట్టాడు. కాసేపటికి మరో మగపిట్ట వచ్చి అదే మేకు మీద కూర్చుంది. దాన్నీ కొట్టాడు. వారం రోజుల్లో అలా ఎనిమిది మగ పిచ్చుకలు పడ్డాయి. ప్రతిసారీ ఆడపిట్ట ఇంకొక తోడు తెచ్చుకుంది. ఇదంతా పిల్లవాడు తన నోటు పుస్తకంలో ఎక్కించాడు.

అందులో పిల్లతనపు కర్కశత్వం ఉంది, శాస్త్రవేత్త చూపు కూడా ఉంది. దాదాపు అరవై ఏళ్ల తర్వాత సలీం అలీ ఆ చిన్ననాటి నోటును పక్షుల పత్రికలో అచ్చుకు ఇచ్చారు. పిచ్చుకల ప్రవర్తనకు సంబంధించి అది పనికివచ్చే సమాచారం. తాను చేసిన పనికి రంగు పూయలేదు, దాచనూ లేదు. చూసింది నిజాయితీగా రాస్తే ఆ రాత ఎప్పటికైనా ఎవరికైనా ఉపయోగపడుతుందని ఆ చిన్న సంఘటన చెబుతోంది.

చదువులో ఓటమి, బతుకులో ఓటమి

పక్షుల సంగతి ఎలా ఉన్నా, బడి చదువు మాత్రం సలీంకు అంతగా అబ్బలేదు. తలనొప్పి జబ్బు వల్ల కొంతకాలం సింధ్‌లోని బంధువుల ఇంట ఉండవలసి వచ్చింది. 1913లో ఎలాగో మెట్రిక్ గట్టెక్కాడు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరితే గణితంలో లాగరిథమ్స్ మింగుడు పడలేదు. మొదటి ఏడాదే చదువు ఆగిపోయింది.

1914లో బర్మాలోని తవోయ్‌కి వెళ్లాడు. అక్కడ కుటుంబానికి గనుల, కలప వ్యాపారం ఉంది. లెక్కలు చూసుకోవలసిన మనిషి చుట్టూ ఉన్న అడవుల్లో పక్షుల వెంట తిరిగాడు. వ్యాపారం కలిసిరాలేదు. 1917లో బొంబాయి చేరాడు. వాణిజ్య చదువుతో పాటు సెయింట్ జేవియర్స్‌లో జంతుశాస్త్రం కూడా చదివాడు. కానీ చేతికి యూనివర్సిటీ పట్టా మాత్రం రాలేదు.

1918 డిసెంబర్‌లో దూరపు బంధువైన తహ్మీనాతో వివాహం జరిగింది. చదువు, సంస్కారం ఉన్న ఇల్లాలు. స్థిరమైన సంపాదన లేని భర్త అడవుల్లో పిట్టల వెంట తిరుగుతానంటే ఏ భార్యకైనా బెంగ కలుగుతుంది. తహ్మీనా మాత్రం ఆయన మనసు ఎక్కడుందో గ్రహించి అటే నడిపించింది.

ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వే సంస్థలో పక్షిశాస్త్రవేత్త ఉద్యోగానికి ప్రయత్నిస్తే పట్టా లేదని దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా నెలకు 350 రూపాయల జీతం మీద చేరారు. రెండేళ్లకు, తన చదువులోని లోటు తీర్చుకోవాలని సెలవు పెట్టి జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రేస్‌మన్ అనే ఉద్దండ పక్షిశాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకున్నారు. చివరిదాకా ఆయన్నే తన గురువుగా చెప్పుకున్నారు.

1930లో తిరిగి వచ్చేసరికి ఉద్యోగం లేదు. డబ్బు లేదని ఆ పోస్టునే తీసేశారు. ముప్పై నాలుగేళ్లు దగ్గరపడుతున్న వయసు, పట్టా లేదు, జీతం లేదు. అప్పటికి ఆయన్ను చూసినవారు జీవితంలో ఓడిపోయిన మనిషి అనే అనుకుని ఉంటారు.

తాటిచెట్టు మీది గూళ్లు

ఇక్కడ ఒక్క క్షణం పరవాడ వైపు చూద్దాం. ఊరి చుట్టూ పొలాల గట్ల మీద తాటిచెట్లు కనిపిస్తాయి. కొన్నిటి ఆకుల కొనలకు చలికాలంలో ఖాళీ గూళ్లు వేలాడుతుంటాయి. పొట్లకాయలా కిందికి సాగిన గొట్టం, పైన గుండ్రని గది. ఇవి గిజిగాడి గూళ్లు. వానాకాలంలో ఆ పిట్ట గడ్డి పోచలను, చీల్చిన ఆకు పీచును నేసి కడుతుంది. పిల్లలు రాలిన గూళ్లను ఏరి తెచ్చుకుని ఆడుకుంటారు.

ఉద్యోగం పోయిన సలీం అలీ బొంబాయికి సముద్రం అవతల ఉన్న కిహిం అనే పల్లెకు మకాం మార్చారు. ఇంటి దగ్గరే గిజిగాళ్ల గుంపు గూళ్లు కడుతోంది. చేతిలో పని లేదు కాబట్టి సమయానికి కొదవ లేదు. రోజూ గంటల తరబడి కూర్చుని వాటిని గమనించారు, రాసుకున్నారు. మగ గిజిగాడు గూడు సగం దాకా కట్టి ఆపుతుంది. ఆడపిట్టలు వచ్చి కట్టడాన్ని పరీక్షిస్తాయి. నచ్చితే ఒక ఆడపిట్ట అందులో చేరుతుంది. అప్పుడు మగపిట్ట మిగతా గూడు పూర్తిచేసి గొట్టం దింపుతుంది. ఆ వెంటనే ఇంకొక గూడు మొదలుపెడుతుంది. నచ్చని గూళ్లు సగంలోనే మిగిలిపోతాయి.

మన తాటిచెట్ల మీద అక్కడక్కడా కనిపించే, గొట్టం లేని సగం గూళ్ల రహస్యం ఇదే. ఊళ్లో అందరూ తరతరాలుగా చూస్తున్న గూడే. కానీ ఓపికగా కూర్చుని, వరుస తప్పకుండా రాసిపెట్టిన మనిషి సలీం అలీ. 1931లో అచ్చయిన ఆ వ్యాసం పండితుల్లో ఆయనకు పేరు తెచ్చింది. ఉద్యోగం పోయిన రోజులే ఆయన్ను శాస్త్రవేత్తను చేశాయి.

నిజాం రాజ్యంలో పక్షుల సర్వే

ఆ రోజుల్లో సంస్థానాల్లోని పక్షుల గురించి సరైన వివరాలు లేవు. సలీం అలీ ఒక ప్రతిపాదన చేశారు. ప్రయాణానికి, మకాంకు అయ్యే ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండా సర్వే చేసి పెడతానన్నారు. అలా మొదలైన పనుల్లో తొలి వరుసలోది హైదరాబాద్ సంస్థానం. 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగారు. నల్లమలలోని అమ్రాబాద్ కొండల్లో మన్ననూరు, ఫర్హాబాద్ ప్రాంతాల్లోనూ మకాం వేశారు. ఈ సర్వే ఫలితాలు తర్వాత రెండేళ్లలో బొంబాయి సొసైటీ పత్రికలో వరుసగా వచ్చాయి. తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇందూరు, భోపాల్, మైసూరు ఇలా ఒక్కొక్క ప్రాంతాన్నీ కాలినడకన, ఎడ్లబండ్ల మీద చుట్టివచ్చారు.

ఈ మకాముల్లో తహ్మీనా ఆయన వెంటే ఉన్నారు. గుడారాల్లో కాపురం, అడవిలో వంట, దోమలు, జ్వరాలు అన్నీ భరించారు. మకాం పనులు ఆమె చక్కబెడితే ఆయన పక్షుల వెంట తిరిగేవారు.

1939లో ఒక చిన్న శస్త్రచికిత్స తర్వాత తహ్మీనా అకస్మాత్తుగా కన్నుమూశారు. ఆ దెబ్బకు సలీం అలీ కుంగిపోయారు. వారికి పిల్లలు లేరు. అక్క కమ్మూ, బావ హసన్ అలీ ఆయన్ను తమ ఇంటికి తీసుకెళ్లి ఆదరించారు. చిన్నప్పుడు మేనమామ ఇల్లు, ఇప్పుడు అక్క ఇల్లు. ఆయన సాధించినదాని వెనుక ఇలా రెండుసార్లు తలుపు తెరిచిన బంధువులున్నారు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

సామాన్యుడి చేతికి పుస్తకం

1941లో ఆయన రాసిన ‘ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ వెలువడింది. అంతకుముందు పక్షుల పుస్తకాలు ఎక్కువగా దొరల కోసం, పండితుల కోసం ఉండేవి. ఇందులో రంగు బొమ్మలు, పక్షి ఎంత పెద్దది, ఎక్కడ కనిపిస్తుంది, ఏమి తింటుంది, ఎప్పుడు గూడు కడుతుంది అనే వివరాలు తేలిక భాషలో ఉన్నాయి. బడిపిల్లవాడు కూడా చేతిలో పట్టుకుని పొలానికి వెళ్లి పిట్టను గుర్తుపట్టగలిగేలా రాశారు. మిల్లార్డ్ ఒక్క పిల్లవాడికి సొరుగులు తెరిచి చూపించాడు. సలీం అలీ దేశంలోని పిల్లలందరికీ ఆ సొరుగులు తెరిచారు.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత బొంబాయి సొసైటీకి డబ్బు కరవై మూతపడే పరిస్థితి వచ్చింది. సలీం అలీ ప్రధాని నెహ్రూకు ఉత్తరం రాసి ప్రభుత్వ సహాయం తెప్పించి సంస్థను నిలబెట్టారు. అమెరికన్ శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి భారత ఉపఖండపు పక్షుల మీద పది సంపుటాల మహాగ్రంథం రాశారు. మొదటి సంపుటం 1968లో, చివరిది 1974లో వచ్చాయి. అది పూర్తయ్యేనాటికి ఆయన వయసు డెబ్బై ఏడు దాటింది.

ఎప్పుడూ పక్షుల ధ్యాసలో ఉండే మనిషి అనుకుంటే పొరపాటు. మోటారు సైకిళ్లంటే ఆయనకు పిల్లల్లాగే మోజు. 1950లో స్వీడన్‌లో అంతర్జాతీయ పక్షిశాస్త్ర సభ జరిగితే, తన మోటారు సైకిలును ఓడలో వేసుకుని యూరప్ వెళ్లి దాని మీదే తిరిగారు. అప్పటికి వయసు యాభై మూడు.

తుపాకీ నుంచి దుర్భిణి దాకా

సలీం అలీ జీవితంలో మనం ఆలోచించవలసిన మలుపు ఒకటుంది. ఆ తరం శాస్త్రవేత్తలు నమూనాల కోసం పక్షులను కాల్చేవారు. ఆయన కూడా కాల్చారు. అది శాస్త్రానికి అవసరమని వాదించారు కూడా. కానీ సరదా కోసం వేలాదిగా చంపే వేటను చూసి ఆయన మనసు ఎదురు తిరిగింది.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలలు అప్పట్లో మహారాజుల బాతుల వేటకు పేరు పొందిన చోటు. వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చిన రోజున, 1938 నవంబర్ 12న, ఒక్క రోజులో 4,273 పక్షులను కాల్చారు. ఆ లెక్కను గర్వంగా రాతి మీద చెక్కించి పెట్టారు. ఆ రోజు సలీం అలీ పుట్టినరోజు కావడం విచిత్రం. ఆ వేటస్థలాన్నే పక్షుల ఆశ్రయంగా మార్చడానికి ఆయన దశాబ్దాల పాటు పట్టుబట్టారు. 1980ల తొలినాళ్లలో అది జాతీయ పార్కు అయింది. కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని ఆనకట్ట నుంచి కాపాడినవారిలోనూ ఆయన ఒకరు. 1984లో అదీ జాతీయ పార్కు అయింది.

భరత్‌పూర్‌లోనే ఆయన ఆధ్వర్యంలో వేలాది పక్షుల కాళ్లకు నంబరు వేసిన చిన్న ఉంగరాలు తొడిగి వదిలేశారు. వాటిలో కొన్ని వేల కిలోమీటర్ల దూరాన, సోవియట్ నేలల్లో దొరికాయి. శీతాకాలంలో మన చెరువుల్లో దిగే బాతులు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎటు తిరిగి వెళ్తున్నాయో ఇలాంటి ఉంగరాల వల్లే రుజువైంది. ఉత్తరాన చెరువులు గడ్డకట్టి తిండి దొరకనప్పుడు ఇటు వస్తాయి. ఎండలు ముదిరేలోగా గూళ్లు పెట్టుకోవడానికి అటు వెళ్తాయి. సరిహద్దులు, పాస్‌పోర్టులు వాటికి లేవు. దారిలో ఒక్క మజిలీ ఎండిపోయినా ప్రయాణం దెబ్బతింటుంది.

తెలుగు నేల మీద రెండు సంఘటనలు

సలీం అలీ జీవిత సంధ్యలో తెలుగు నేల ఆయనకు రెండు సంతోషాలు ఇచ్చింది. మొదటిది మన విశాఖలో. పట్టా లేదని ఉద్యోగం దక్కని మనిషికి 1978లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అంతకుముందు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం 1958లో, ఢిల్లీ విశ్వవిద్యాలయం 1973లో ఇదే గౌరవం చేశాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1976లోనే వచ్చిన పాల్ గెట్టీ అంతర్జాతీయ బహుమతి డబ్బును ప్రకృతి సంరక్షణ నిధికి ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడాది ‘ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో’ పేరుతో ఆత్మకథ ప్రచురించారు. పేరులోనే ఆనాటి పిచ్చుక ఉంది.

రెండో సంతోషం కడప నుంచి వచ్చింది. కలివికోడి అనే పక్షిని 1848లో జెర్డాన్ అనే వైద్యుడు లోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనిపించింది. ఆ తర్వాత దాని జాడ లేదు. అంతరించిపోయిందని చాలామంది నిశ్చయించుకున్నారు. సలీం అలీ మాత్రం ఆశ వదులుకోలేదు. బొంబాయి సొసైటీ తరఫున వెతుకులాట సాగింది. శాస్త్రవేత్త భరత్ భూషణ్ పల్లె పల్లెకూ తిరిగి పక్షి బొమ్మ చూపించి వాకబు చేశారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి వద్ద ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రివేళ దాన్ని పట్టి చూపించాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత కలివికోడి మళ్లీ కనిపించింది. దాని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఇప్పటికీ అది ప్రపంచంలోని అతి అరుదైన పక్షుల్లో ఒకటి.

ఈ సంఘటనలో రెండు పాఠాలున్నాయి. ఎక్కడ వెతకాలో తెలిసింది, నూరేళ్ల క్రితం చూసినవారు చోటు, తేదీ రాసిపెట్టినందువల్ల. పిట్ట దొరికింది, పుస్తకాలు చదవని ఒక పల్లెవాసి తన పొదలను తాను ఎరిగి ఉన్నందువల్ల. రాత, అనుభవం చేయి కలిపితేనే పని జరిగింది.

1987 జూన్ 20న, తొంభై ఏళ్లు నిండిన సలీం అలీ బొంబాయిలో కన్నుమూశారు. ఆయన పేరుతో గోవాలో పక్షుల అభయారణ్యం, కోయంబత్తూరులో 1990లో ఏర్పడిన పరిశోధన సంస్థ ఉన్నాయి. ఆయన పుట్టినరోజు నవంబర్ 12ను దేశంలో జాతీయ పక్షుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆయన సహచరుడు రిప్లీ, బ్రూస్ బీలర్, విశాఖకు చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు కలిసి రాసిన విశాఖపట్నం కనుమల పక్షుల వివరాలు 1987-88లో అదే బొంబాయి సొసైటీ పత్రికలో వచ్చాయి.

మన చెరువు గట్టు మీద

పరవాడ ఇప్పుడు పాత పల్లెటూరు కాదు. ఒకవైపు 2002లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన సింహాద్రి థర్మల్ కేంద్రం, మరోవైపు ఫార్మాసిటీ, ఆ పక్కన ఉక్కు కర్మాగారం. 2022 నుంచి మండలం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అయినా చలికాలం వస్తే చెరువుల్లో నీరు ఉన్నచోట పిట్టలు దిగుతూనే ఉంటాయి. నల్లటి ఒళ్లు, నుదుట తెల్లని నామం ఉన్న నామాలకోడి, రెక్కలు చాపి ఆరబెట్టుకునే నీటికాకి, ఠక్కున మునిగి ఎక్కడో తేలే బుడబుంగ, బురద అంచున పరుగులు పెట్టే ఉల్లంకి పిట్టలు. కాస్త దూరం పోతే అచ్యుతాపురం వైపు కొండకర్ల ఆవ ఉంది. తామర ఆకుల మధ్య శీతాకాలపు అతిథులకు పేరున్న మంచినీటి సరస్సు అది.

వీటిని చూడడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఫజ్ర్ నమాజు అయ్యాక పిల్లలను వెంటబెట్టుకుని చెరువు గట్టు దాకా నడిస్తే చాలు. దుర్భిణి ఉంటే మంచిదే, లేకపోయినా కళ్లున్నాయి. గట్టిగా మాట్లాడకుండా, రాళ్లు విసరకుండా కాసేపు కూర్చోవాలి. చూసిన పిట్ట రంగు, ముక్కు, కాళ్లు, చేస్తున్న పని, తేదీ, చెరువు పేరు ఒక నోటు పుస్తకంలో రాయించండి. 1987 నుంచి ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్కింపు జరుగుతోంది. అందులో పెద్ద చదువులు లేని సామాన్యులూ పాలుపంచుకుంటారు. కాలికి ఉంగరం ఉన్న పక్షి ఎప్పుడైనా కంటబడితే దాని మీది నంబరు రాసుకుని అటవీశాఖకో, బొంబాయి సొసైటీకో తెలియజేయవచ్చు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఈ పక్షులను వలవేసి పట్టడం, చంపడం నేరమని కూడా పిల్లలకు చెప్పాలి. ఎవరైనా బాతు మాంసం చవకగా తెచ్చి గుమ్మం ముందు పెడితే, ఇది ఏ పిట్ట, మనం తినదగినదేనా అన్న చిన్న సలీం ప్రశ్న మనకూ గుర్తుకు రావాలి.

మన పిల్లల్లో ఎందరో లెక్కల్లో తప్పుతున్నారు, పరీక్షల్లో వెనుకబడుతున్నారు. వారిని చూసి నిరాశపడే తల్లిదండ్రులు సలీం అలీని తలచుకోవాలి. ఆయన లాగరిథమ్స్ నేర్వలేకపోయాడు. వ్యాపారంలో నష్టపోయాడు. కొలువు పోగొట్టుకున్నాడు. కానీ అడగడం మానలేదు, చూడడం మానలేదు, చూసింది రాయడం మానలేదు. ఆయన చుట్టూ ఉన్న పెద్దలు కూడా ఆ దారికి అడ్డుపడలేదు.

రేపు ఉదయం మీ ఇంటి పిల్లవాడు ఒక పిట్టను చూపించి పేరు అడగవచ్చు. జవాబు తెలియకపోతే సిగ్గుపడనక్కర్లేదు. అమీరుద్దీన్ త్యాబ్జీకి కూడా తెలియలేదు. తెలియదని చెప్పి, ఇద్దరూ కలిసి తెలుసుకునే ప్రయత్నం చేయండి. గట్టు మీద ఇటుక రంగు పిట్ట కుచ్చు విప్పుతూ కనిపిస్తే, అదే హుద్‌హుద్ అని మీరే చూపించండి.